చేను కాడ రెడీమేడ్ గదా? పునాదికి ముందు నేలను చూడండి

పంట చేతికొచ్చే రోజుల్లో పందుల కావలికి, మోటరు కాడ రాత్రి పూట ఉండడానికి, ఎరువు బస్తాలు తడవకుండా పెట్టుకోవడానికి చేను కాడ ఒక గది ఉంటే రైతుకు ఎంతో ఆసరా. వెనుకట నాలుగు గుంజలు పాతి, పైన తాటి కమ్మలు కప్పి కొట్టం వేసుకునేవాళ్లం. ఇప్పుడు రెడీమేడ్ గదులు వచ్చాయి. ఇనుప చట్రానికి రేకు పలకలు బిగించి, కిటికీలు, తలుపులతో సహా తయారుచేసి లారీ మీద తెస్తారు. క్రేన్‌తో దింపితే పూటలో గది తయారు. ఓడల మీద సరుకులు మోసిన పాత కంటైనర్లను గదులుగా మార్చి అమ్మేవాళ్లూ ఉన్నారు.

గది ధర, రంగు, కిటికీల గురించి అందరూ అడుగుతారు. పునాది గురించి అడిగేవాళ్లు తక్కువ. అమ్మేవాళ్లలో చాలామంది "పునాది పని మీదే" అని ముందే చెప్పేస్తారు. రైతు కూడా "రేకు గదే కదా, నాలుగు బండలు పెడితే ఆగదా" అనుకుంటాడు. ఇక్కడే మోసపోతాం. పునాది కుదరకపోతే రెండో వానాకాలానికే తలుపు పడదు, పలకల అతుకులు విడతాయి, వాన నీళ్లు లోపలికి దిగుతాయి. ఈదురు గాలికి గది తిరగబడితే లోపల పడుకున్న మనిషి ప్రాణానికే ముప్పు. అప్పు చేసి కొన్న గది అయితే దెబ్బ మీద దెబ్బ.

రెడీమేడ్ గదికి పునాది గది బరువును బట్టి కాదు, కింద ఉన్న నేలను బట్టి, పైన వీచే గాలిని బట్టి వేసుకోవాలి. ఎట్లాగో వివరంగా చూద్దాం.

తేలిక గదికి పునాది ఎందుకు?

20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న గదినే లెక్కకు తీసుకుందాం. తొమ్మిదంగుళాల ఇటుక గోడలతో, పైన స్లాబుతో కడితే దాని బరువు దాదాపు 28 నుంచి 30 టన్నులు. అదే కొలతల్లో రెడీమేడ్ గది రెండున్నర టన్నులు ఉంటుందనుకుందాం. అంటే పదో వంతు కూడా కాదు. ఇంత తేలిక గది నేలలోకి దిగబడుతుందన్న భయం తక్కువే. కానీ రెండు వేరే భయాలు ఉన్నాయి.

మొదటిది నేల లేపడం. నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోయి నెర్రెలు బారుతుంది. ఉబ్బేటప్పుడు అది పైకి తోసే బలం చదరపు అడుగుకు అర టన్ను నుంచి రెండు టన్నుల దాకా, ఒక్కోచోట అంతకు మించి కూడా ఉంటుంది. మన గది, లోపలి సామాను, దిమ్మెల బరువు అంతా కలిపి ఆరు దిమ్మెల మీద పంచితే చదరపు అడుగుకు మూడు వందల కిలోలు కూడా పడదు. నేల బలం ముందు ఈ బరువు ఆగదు. పైగా నేల అన్ని మూలలనూ ఒక్క తీరుగా లేపదు. నీళ్లు పారే పక్క ఎక్కువ, ఎండిన పక్క తక్కువ లేస్తుంది. అందుకే గది వంకరపోతుంది.

రెండోది గాలి. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే గోడ మీద చదరపు అడుగుకు సుమారు నాలుగున్నర కిలోల ఒత్తిడి పడుతుంది. 20 అడుగుల పొడవు, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు గోడ మీద కలిపి చూస్తే అది సుమారు 750 కిలోల నెట్టుడు. అదే సమయంలో కప్పును పైకి గుంజే బలం 900 కిలోల దాకా ఉంటుంది. గాలి వేగం రెండింతలైతే ఈ బలం నాలుగింతలు అవుతుంది. భారత ప్రమాణాల సంస్థ కట్టడాల కోసం వేసిన గాలి పటంలో హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు సుమారు 158 కిలోమీటర్ల వేగం లెక్కలోకి తీసుకోవాలని ఉంది. ఆ వేగంలో కప్పును లేపే బలం రెండు టన్నులు దాటుతుంది. గది బరువు ఇంచుమించు అంతే కదా! పక్క నుంచి నెట్టుడు కూడా తోడైతే ఊరికే బండల మీద పెట్టిన గది నిలవదు.

ఇటుక ఇంటికి పునాది ముఖ్యంగా బరువు మోయడానికి. రెడీమేడ్ గదికి మాత్రం పునాది గదిని పట్టి ఉంచడానికి కూడా. ఈ తేడా మరువవద్దు.

మన దగ్గర నేలలు

వేములవాడ, సిరిసిల్ల వైపు ఎర్ర చెల్కలు, గుట్టలు, పైకి తేలిన బండలు ఎక్కువ. అడుగు, రెండడుగుల మట్టి తీస్తే చాలాచోట్ల మొరం తగులుతుంది. జగిత్యాల, కోరుట్ల వైపు శ్రీరాంసాగర్ కాలువ కింద వరి, పసుపు పండే పొలాల్లో నల్లరేగడి కనిపిస్తుంది. మూలవాగు, మానేరు ఒడ్లలో ఇసుక కలిసిన దుబ్బ నేలలు ఉన్నాయి. గుంతలు పూడ్చి, ఎత్తుపల్లాలు సరిచేసిన పోసిన మట్టి నేలలు నాలుగో రకం.

ఊరి పేరును బట్టి నేలను నిర్ణయించకండి. ఒకే రైతు రెండెకరాల్లో గట్టు పక్కన చెల్క, పల్లంలో రేగడి ఉండొచ్చు. కొన్నిచోట్ల పైన ఎర్రమట్టి కనిపించినా కింద నల్లమట్టి ఉంటుంది. అందుకని గది పెట్టేచోట రెండు మూలల్లో ఐదడుగుల లోతు గుంతలు తీసి చూడండి. ఒక కూలి దినం ఖర్చుతో అసలు సంగతి తెలుస్తుంది.

ఇంట్లోనే నేల పరీక్ష

నేల ఎంత ఉబ్బుతుందో తెలుసుకోవడానికి ప్రయోగశాలల్లో చేసే ఒక పరీక్షను మోటుగా ఇంట్లో కూడా చేసుకోవచ్చు. నిలువు గోడలున్న, ఒకే కొలత గాజు గ్లాసులు రెండు తీసుకోండి. రెండు, మూడు అడుగుల లోతు నుంచి తీసిన మట్టిని బాగా ఎండబెట్టి, దంచి, సన్నటి జల్లెడ పట్టండి. రెండు గ్లాసుల్లో సమానంగా తలగొట్టి రెండేసి చెంచాలు వేయండి. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్ పోయండి. కిరోసిన్ దొరక్కపోతే డీజిల్‌తో కూడా అంచనా తెలుస్తుంది. పుల్లతో కలిపి గాలి బుడగలు పోయాక కదల్చకుండా ఒక రోజు ఉంచండి. పొయ్యికి, బీడీకి దూరంగా పెట్టండి.

కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. మర్నాడు స్కేలుతో రెండు గ్లాసుల్లో మట్టి మందం కొలవండి. కిరోసిన్‌లో 20 మిల్లీమీటర్లు, నీళ్లలో 24 ఉంటే ఉబ్బు 20 శాతం. నీళ్లలో 30 ఉంటే 50 శాతం. ఉబ్బు 20 శాతం లోపుంటే భయం తక్కువ. 20 నుంచి 35 దాకా మధ్యస్థం. 35 దాటితే ఎక్కువ. 50 దాటితే చాలా ఎక్కువ, అక్కడ మామూలు పునాది పనికిరాదు.

ఇది అంచనాకే. పెద్ద గది, రెండు గదులు కలిపి పెట్టుకునేవాళ్లు ఇంజినీరుకు చూపించి నిర్ణయించుకోవడం మంచిది.

ఏ నేలకు ఏ పునాది?

1. ఎర్ర చెల్క, మొరం నేల: ఇది అన్నింటికన్నా సులువు. గది కింది చట్రం కొలతల ప్రకారం ఆరు గుంతలు తీయాలి. నాలుగు మూలలకు నాలుగు, పొడుగు పక్కల మధ్యన రెండు. గుంత రెండడుగుల చదరం, మూడడుగుల లోతు. గట్టి మొరం తగిలేదాకా పోవాలి. అడుగున నాలుగంగుళాల బెడ్ కాంక్రీటు, దాని మీద సలాకలు పెట్టి తొమ్మిదంగుళాల మందం ఫుటింగు, ఆ పైన అడుగు చదరం దిమ్మె. నేల మీదికి అడుగున్నర ఎత్తు లేపాలి. ఆరు దిమ్మెలకూ కలిపి ఎనిమిది బస్తాల సిమెంటు పడుతుంది. ఈ కాంక్రీటు బరువే సుమారు మూడు టన్నులు. గదిని దీనికి బోల్టులతో బిగిస్తే గాలిని తట్టుకునే బరువు వచ్చినట్టే.

2. బండ నేల: బండ మీద పెడితే దిగబడేది, ఉబ్బేది లేదు. గాలి భయం ఒక్కటే. బండను కడిగి, డ్రిల్లుతో అడుగు లోతు రంధ్రాలు కొట్టించి, దుమ్ము ఊదేసి, సలాకలు దించి చిక్కటి సిమెంటు పాలు పోయించండి. ఆ సలాకల చుట్టూ దిమ్మెలు పోస్తే బండే మీ పునాది. బండ వాలుగా ఉంటే దిమ్మె కింద మెట్టులా చెక్కించాలి.

3. నల్లరేగడి: ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ముందుగా, గదికి వేరే జాగా ఉందేమో చూడండి. చేనులో మొరం తగిలే గట్టు ఉంటే నాలుగడుగులు ఎక్కువ నడిచినా అక్కడ పెట్టుకోవడమే లాభం. జాగా మార్చే వీలు లేకపోతే మూడు దారులున్నాయి.

రేగడి మందం నాలుగైదు అడుగులే ఉండి కింద మొరం తగిలితే, దిమ్మెల గుంతలను ఆ మొరం దాకా దించండి. నల్లమట్టి దిమ్మెను పట్టుకుని లేపకుండా గుంత చుట్టూ మొరంతో పూడ్చాలి.

రేగడి ఇంకా లోతుగా ఉంటే గది కింద, చుట్టూ మూడడుగులు అదనంగా, మూడడుగుల లోతు నల్లమట్టిని తీసేయండి. ఆ చోట మొరం పోసి, ఆరంగుళాలకు ఒక పొర చొప్పున నీళ్లు చల్లి దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. ఉబ్బని మట్టిని ఇట్లా పొరగా పరిస్తే కింది నల్లమట్టి ఉబ్బును అదుపులో పెడుతుందని బొంబాయి ఐఐటీలో ప్రొఫెసర్ ఆర్.కె.కట్టి పరిశోధనల్లో తేలింది. మన దగ్గర మొరానికి కొదవ లేదు కాబట్టి ఇది చేతికందే పని. మొరం బదులు ఇసుక మాత్రం పోయకండి. ఇసుక గుంత నీళ్ల తొట్టిలా మారి కింది రేగడికి నిత్యం నీళ్లు తాపుతుంది.

మూడో దారి అండర్ రీమ్డ్ పైలు. రుర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ నల్లరేగడి కోసమే ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. బర్మాతో పది, పన్నెండు అంగుళాల వెడల్పు గుంతను పదకొండు, పన్నెండు అడుగుల లోతు తీసి, అడుగున కుండలా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. అంత లోతులో కాలాన్ని బట్టి తడి మారడం తక్కువ. అడుగున ఉన్న ఉబ్బు లంగరులా పట్టి ఉంచుతుంది. ఖర్చు ఎక్కువ, తెలిసిన పనివాళ్లు కావాలి. చిన్న గదికి మొదటి రెండు దారులే చాలావరకు సరిపోతాయి.

రేగడి మీద పలచటి గచ్చు పోసి దాని మీద గది పెట్టడం మాత్రం పొరపాటు. వానాకాలంలో గచ్చు అంచులు ముందు లేస్తాయి, తర్వాత నడుమ ఉబ్బుతుంది. నాలుగంగుళాల గచ్చు ఆ ఒత్తిడికి పగులుతుంది.

4. దుబ్బ నేల, పోసిన మట్టి: దుబ్బ ఉబ్బదు కానీ నీళ్ల పారుదలకు కొట్టుకుపోతుంది. దిమ్మెలను ఒకదానితో ఒకటి కలుపుతూ సలాకలతో బీము పోయించండి. చుట్టూ రాతి కట్టు ఉంటే మంచిది. పోసిన మట్టి విషయంలో తొందర వద్దు. ఒక పక్క గుట్ట కోసిన గట్టి నేల, ఇంకో పక్క నింపిన వదులు మట్టి ఉంటే, గది ఆ రెండింటి మీదా పడకుండా చూసుకోవాలి. సగం గది నిలబడి సగం దిగబడితే చట్రం మెలి తిరుగుతుంది. లేఅవుట్లలో, పునరావాస కాలనీల్లో చదును చేసిన ప్లాట్లున్నవాళ్లు ఈ సంగతి ప్రత్యేకంగా చూసుకోవాలి. పాత నేల తగిలేదాకా గుంత తీయక తప్పదు.

మధ్య మానేరు జలాశయం ఒడ్డున, చెరువుల కింద, కాలువ పక్కన చేన్లున్నవాళ్లు ఎండాకాలంలో బాయి చూసి మోసపోకండి. వానలు వెనకబట్టాక బాయిలో నీళ్లు ఎంత పైకి వస్తాయో దాన్ని బట్టి గది ఎత్తు పెట్టుకోవాలి. చెరువు శిఖంలో, జలాశయం నిండు మట్టం లోపల గది పెట్టవద్దు. అది చట్టానికీ విరుద్ధం, ఒక్క వరదతో గదీ దక్కదు.

బిగింపు, మట్టం

ప్రతి దిమ్మెలో కాంక్రీటు పోసేటప్పుడే 16 మిల్లీమీటర్ల బోల్టును అడుగు లోతు దిగేలా, కింది కొస వంచి పెట్టించండి. తర్వాత రంధ్రం చేసి బిగించే బోల్టుకు అంత పట్టు ఉండదు. బోల్టు మీద ఇనుప పలక, దానికి గది చట్రం బిగించాలి. ఆరుచోట్లా బిగింపు ఉండాలి. నాలుగు మూలలకే పెట్టి మధ్యన వదిలేయవద్దు.

రెడీమేడ్ గదికి ఇటుక ఇంటికి లేని ఒక లాభం ఉంది. దిమ్మెకు, చట్రానికి నడుమ పలచటి ఇనుప పలకలు పెట్టి బిగిస్తే, ఎప్పుడైనా ఒక మూల దిగినా లేచినా నట్టు వదులు చేసి, జాకీతో లేపి, పలక వేసో తీసో మళ్లీ మట్టానికి తేవచ్చు. రేగడి నేలల రైతులు ఈ ఏర్పాటు తప్పక అడగాలి. ఏటా వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి నీళ్ల పైపుతో మట్టం చూసుకుంటే చాలు.

గుంతలకు ముగ్గు పోసేటప్పుడు మూలమట్టం చూడండి. 20 అడుగులు, 10 అడుగుల కొలతకు రెండు అడ్డగీతలూ 22 అడుగుల నాలుగుంపావు అంగుళాలు రావాలి. రెండూ సమానం కాకపోతే గది దిమ్మెల మీద కూర్చోదు. చట్రం కింద అడ్డపట్టీలు ఎక్కడున్నాయో చూపించే కొలతల కాగితాన్ని అమ్మేవాళ్ల దగ్గర ముందే తీసుకుని సుతారికి ఇవ్వండి. గది దిగిన తర్వాత దిమ్మెలు జరపలేం.

నీళ్లు, కరెంటు, పురుగు పుట్ర

పునాదికి పెద్ద శత్రువు నిలవ నీళ్లు. కప్పు నీళ్లు గది పక్కనే పడకుండా గొట్టంతో ఐదడుగుల అవతలికి మళ్లించండి. నేల వాలు గది నుంచి బయటికి ఉండాలి. స్నానం నీళ్లు, బోరు నీళ్లు దిమ్మెల దగ్గర ఇంకనివ్వద్దు. రేగడిలో చెట్టు కూడా వేర్లతో తడిని గుంజి నేలను ఒక పక్క కుంగదీస్తుంది. అందుకే చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో గది అంత దూరంలో ఉండాలి.

ఇనుప గదికి ఎర్తింగు తప్పనిసరి. వైరు తోలు ఊడి చట్రానికి తగిలితే గది మొత్తానికి కరెంటు వస్తుంది. దిమ్మెల గుంతలు తీసేటప్పుడే ఎర్తింగు గుంత కూడా తీయించి, చట్రానికి కలిపించండి. మోటరు స్టార్టరు డబ్బాను ఇనుప గోడకు బిగించాల్సి వస్తే కరెంటు పనివారితో సరిగా చేయించండి.

గది అడుగున్నర ఎత్తులో ఉంటే కింద గాలి ఆడి చట్రం తుప్పు పట్టదు. కానీ ఎలుకలు చేరతాయి, వాటి వెంట పాములు వస్తాయి. చుట్టూ సన్న జాలీ బిగించండి. మట్టితో పూడ్చితే తడి నిలిచి ఇనుము తింటుంది. పడుకునే గదిలో పురుగుమందుల డబ్బాలు పెట్టవద్దు.

ఎప్పుడు వేయాలి?

యాసంగి కోతలయ్యాక, తొలకరి లోపు వేసుకోవడం మంచిది. అప్పుడే లారీ, క్రేన్ చేనులోకి దిగగలవు. తీసిన గుంతను వాన పడేదాకా వదలవద్దు. తీసిన వెంటనే బెడ్ కాంక్రీటు పడాలి. దిమ్మెలకు కనీసం పది రోజులు గోనె పట్టాలు కప్పి నీళ్లు పట్టండి. రెండు వారాలు దాటాకే గది దింపించండి.

డబ్బు కట్టే ముందు

అమ్మేవాళ్లను ఈ నాలుగు సంగతులు అడగండి. గది బరువెంత? చట్రం కొలతల కాగితం ఇస్తారా? బిగింపు బోల్టులు, పలకలు ఎవరివి? మట్టం తప్పితే మొదటి ఏడాది వచ్చి సరిచేస్తారా? జవాబులు బిల్లు మీద రాయించుకోండి. వ్యవసాయ భూమిలో గదికి ఏ అనుమతి కావాలో పంచాయతీ కార్యదర్శిని ముందే అడగండి.

ఇంకొక మాట. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 5 లక్షల రూపాయల సాయం విడతలుగా వస్తుంది. మొదటి లక్ష బేస్‌మెంటు పూర్తయినాకే ఇస్తారు. ఇంటి కొలత కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి. మనం చెప్పుకున్న గది 200 చదరపు అడుగులే. "ఈ గదికి కూడా పథకం డబ్బు వస్తుంది" అని ఎవరైనా చెబితే నమ్మి బయానా ఇవ్వకండి, హౌసింగ్ అధికారులను అడిగి తెలుసుకోండి. పథకం కింద ఇల్లు కట్టుకునేవాళ్లు కూడా బిల్లు తొందరలో లోతు తగ్గించవద్దు. పూడ్చిన తర్వాత పునాది ఎవరికీ కనబడదు, కానీ ఇల్లు ఉన్నన్నాళ్లూ దాని మీదే బతకాలి.

నేల పరీక్షకు రెండు గ్లాసులు, ఒక రోజు చాలు. ఆ పని చేసిన తర్వాతే గదికి బయానా ఇవ్వండి.